మంచుకొండల వెలుగులో మనవారి ముఖాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాలలో ఏ పాఠశాలలో అడుగుపెట్టినా గోడమీద ఒక పటం కనబడుతుంది. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించి, 1962లో భారత రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటం అది. ఏటా ఉపాధ్యాయ దినోత్సవం నాడు దానికి పూలమాల వేస్తారు. పూలమాల వేసే పిల్లలు ఆ పటంలో ఒక విషయాన్ని గమనించి ఉండరు. పైన తెల్లని తలపాగా, దాని కింద చామనచాయ ముఖం. తలపాగా మడతలన్నీ విడివిడిగా తెలియాలి; కళ్ళద్దాల వెనుక ఉన్న చూపూ తెలియాలి. ఒకదానికి సరిపడిన వెలుగు రెండవదానికి సరిపడదు. తలపాగా కోసం వెలుగు తగ్గిస్తే ముఖం నల్లబడుతుంది, ముఖం కోసం పెంచితే తలపాగా సున్నపు ముద్దవలె అవుతుంది. స్టూడియోలో దీపాలను అటూ ఇటూ జరిపి ఆ చిక్కును విప్పుకోవచ్చు. ఆ తలపాగాను ఆకాశమంత పెద్దది చేసి, దీపాలను జరిపే వీలు లేకుండా చేస్తే, ఆ చోటే హిమాలయం.

నేటి ప్రసంగ విషయం మంచుకొండలలో ఫోటోలు తీయడం. వేసవిలో తమిళనాట మిక్కిలి ఎండ కాసే ఊళ్ళలో ఒకటైన తిరుత్తణిలో మంచు మాట ఎందుకని సభలో కొందరికి నవ్వు రావచ్చు. అయితే ఈ జిల్లాలోని తెలుగు ఇళ్ళలో బదరీ కేదారాలకు వెళ్ళి వచ్చినవారు లేని వీధి ఉండదు. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వంటి నేత ఊళ్ళలో సైతం ఏళ్ళ తరబడి చీటీలు కట్టి, చెన్నై సెంట్రల్‌లో ఢిల్లీ రైలెక్కి, యాత్ర పూర్తిచేసుకొని వచ్చిన వృద్ధ దంపతులు ఉన్నారు. ఇటీవల కాలంలో కొత్తగా పెళ్ళయినవారు, ఉద్యోగస్తులు మనాలికి, రోహ్‌తంగ్ కనుమకు వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళినవారందరూ ఫోటోలు తెస్తారు. ఆ ఆల్బములను తిరగవేస్తే పుట పుటలోనూ ఒకే అన్యాయం. మంచు బూడిదరంగులో, వాన కురవబోయే మబ్బువలె ఉంటుంది. దాని ముందు స్వెట్టరు, మఫ్లరు స్పష్టంగా కనిపిస్తాయి. ముఖం ఉండవలసిన చోట ఒక నల్లని గుండ్రం. ఇది అవ్వ, ఇది పిన్నమ్మ అని చీర రంగునుబట్టి చెప్పుకోవలసి వస్తుంది.

జీవితంలో ఒక్కమారు చేసే యాత్ర అది. కేదారనాథం సముద్రమట్టానికి సుమారు 11,750 అడుగుల ఎత్తున ఉన్నది. గౌరీకుండం నుండి సుమారు 16 కిలోమీటర్లు కొండదారి ఎక్కాలి. డెబ్బది ఏళ్ళ వయసులో అక్కడికి చేరిన మనిషి ముఖంలో ఆ క్షణాన ఏమున్నదో చూడగోరే మనుమలకు ఒక నల్లమచ్చ మాత్రమే మిగలడం చిన్న నష్టం కాదు. ఆ ఆల్బమును మూసేస్తూ ఇంటివారు అనే మాట మరొకటి ఉన్నది: “మన నలుపు అంతే కదా, ఫోటోకు రాదు.” ఈ మాట తప్పు. శాస్త్రరీత్యా తప్పు, పిల్లల చెవిని వేయదగని మాట కూడాను. లోపం చర్మంలో లేదు, కొలతలో ఉన్నది.

కెమెరాలో వెలుగును కొలిచే సాధనాన్ని లైట్ మీటరు అంటారు. పాత ఫిల్ము కెమెరాలో సూదిగానో చిన్న ఎర్రదీపంగానో ఉండేది. నేటి సెల్‌ఫోనులో కంటికి కనబడకుండా పని చేస్తుంది. దీనికి తన ఎదుట ఉన్నది మంచో, మట్టో, మనిషో తెలియదు. అందుచేత దానిని తయారుచేసినవారు ఒక ఊహను దానికి నేర్పారు. ఎదుట ఏ దృశ్యం ఉన్నా అది తనపై పడే వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపుతుందనీ, ఆ నడిమి బూడిదరంగు వచ్చేట్టు తెరవడమే తన ధర్మమనీ అది అనుకుంటుంది. తిరువళ్ళూరు బజారువీధిలోనో, వరిపొలం గట్టుమీదనో ఈ ఊహ చాలావరకు సరిపోతుంది. కొత్తగా కురిసిన మంచు మాత్రం తనపై పడే వెలుగులో 80 నుండి 90 శాతం వరకు తిప్పి పంపుతుంది. మీటరు బెదిరిపోతుంది. వెలుగు నాలుగైదు రెట్లు ఎక్కువగా ఉన్నదని భ్రమించి, ద్వారాన్ని అంతగా మూసివేస్తుంది. మంచు బూడిద అవుతుంది. మంచుకన్నా ఎన్నో రెట్లు తక్కువ వెలుగును తిప్పి పంపే ముఖం చీకటిలోకి జారుతుంది.

ఉపాధ్యాయులకు ఈ సంగతి ఒక్క మాటలో బోధపడుతుంది. ఏ తరగతి జవాబు పత్రాలు ఇచ్చినా సగటు మార్కులే వేస్తానని పంతం పట్టిన పరీక్షకుడు ఆ మీటరు. నూటికి తొంబది రావలసిన విద్యార్థిని నలుబదికి దించుతాడు. పక్కన నిలిచి, తన వంతుకు నిజాయితీగా ముప్పది ఐదు తెచ్చుకున్న పిల్లవాడు అదే దెబ్బకు పదిహేనుకో పదహారుకో దిగి, తప్పిపోతాడు. ఆ పిల్లవాడే ఫోటోలోని మన ముఖం.

ఈ అన్యాయానికి చరిత్ర కూడా ఉన్నది. సామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1863, 1864, 1866 సంవత్సరాలలో మూడు మార్లు పశ్చిమ హిమాలయాలలో సంచరించి ఫోటోలు తీశాడు. అవి ఫిల్ము లేని రోజులు. గాజు పలకకు కొలోడియన్ మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడే గుడారంలో కడుగుకోవాలి. ఆ పలకలు, సీసాలు, గుడారం అన్నీ కూలీల వీపులమీద కొండ ఎక్కాయి. 1866లో సుమారు 18,600 అడుగుల ఎత్తున ఉన్న మనీరంగ్ కనుమమీద ఆయన తీసిన చిత్రాలను నేటికీ ఆశ్చర్యంతో చూస్తారు. ఆ మోతగాళ్ళ ఊపిరిని కూడా అందులో లెక్క కట్టవలసి ఉంటుంది. తరువాత ఇటలీ దేశస్థుడు విట్టోరియో సెల్లా 1899లో కాంచనజంగ చుట్టూ తిరిగి, 1909లో కె2 శిఖరం వద్దకు వెళ్ళి, మంచు మడతలలోని నీడలను సైతం విడదీసి చూపాడు.

తొలినాటి ఫోటో పలకలకు ఒక గుణం ఉండేది: నీలి వెలుగు మాత్రమే వాటికి బాగా తెలిసేది. ఎరుపు, గోధుమ వన్నెలు దాదాపు తెలిసేవి కావు. అందువలన నీలాకాశం తెల్లగా వచ్చి మంచులో కలిసిపోయేది; గోధుమవన్నె ముఖం ఉన్నదానికన్నా నల్లగా వచ్చేది. రంగు ఫిల్ములు వచ్చిన తరువాతనైనా సమస్య తీరవలసింది. తీరలేదు. ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన మేలిరకం నమూనా పటాలలో దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. మొదటి నమూనా స్త్రీ పేరునుబట్టి వాటిని షర్లీ కార్డులు అనేవారు. ఆమె చర్మం చక్కగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టు లెక్క. వేర్వేరు చాయల స్త్రీలు కలిసి ఉన్న కార్డు 1990లలో గాని రాలేదు. చాక్లెట్ల వ్యాపారులు, చెక్క సామాన్ల తయారీదారులు తమ సరుకుల గోధుమరంగుల తేడా ఫోటోలో తెలియడం లేదని ఫిర్యాదు చేసిన మీదట ఫిల్మును సవరించే పని ముందుకు సాగిందని ఈ విషయాన్ని పరిశోధించినవారు వ్రాశారు. మనుషుల ముఖాలకన్నా బల్లల గోడు ముందు వినబడిందన్నమాట.

ఇక ఉపాయం. అది సులభమైనది, ఖర్చు లేనిది.

మంచు ఫోటోలో ఎక్కువ భాగం ఆక్రమిస్తున్నప్పుడు మీటరు చెప్పినదానికన్నా ఒకటి నుండి రెండు మెట్లు వెలుగు అధికంగా ఇవ్వాలి. స్టూడియోవారు దీనిని స్టాపు అంటారు. ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు, రెండు పెంచితే నాలుగు రెట్లు. మంచు సగమే ఉంటే పెంపు కూడా తగ్గించుకోవాలి. కెమెరాలో కూడిక, తీసివేత గుర్తులున్న మీట ఉంటే దానిని కూడికవైపు తిప్పాలి. సెల్‌ఫోనులో అయితే తెరమీద కనబడే ముఖాన్ని వేలితో తాకాలి. చాలా ఫోనులలో అక్కడ చిన్న సూర్యుని గుర్తు కనిపిస్తుంది. దానిని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది. నేటి ఫోనులు ఒకే క్షణంలో వేర్వేరు వెలుగులలో అనేక చిత్రాలు తీసి కలిపి, ఈ చిక్కును కొంతవరకు తామే విప్పుతాయి. కొంతవరకే. నలుగురు నిలబడి, వెనుక కొండంతా మంచు మెరుస్తూ ఉన్నప్పుడు ఫోను కూడా పాత పరీక్షకుడే అవుతుంది.

మరొక ఉపాయం అరచేయి. ముఖాల చాయ మనిషికొక రకం కాని, అరచేతుల చాయలో తేడా తక్కువ. నల్లనివారి అరచేయి కూడా తేటగానే ఉంటుంది. అది మీటరు కోరుకునే నడిమి బూడిదకన్నా సుమారు ఒక స్టాపు ఎక్కువ వెలుగును తిప్పి పంపుతుంది. ఫోటోలోని మనిషిమీద పడుతున్న ఎండలోనే అరచేతిని చాచి, కెమెరాకు అది ఒక్కటే కనబడేట్టు దగ్గరగా చూపి, వచ్చిన కొలతకు ఒక స్టాపు కలిపితే చాలు. ఎదుట మంచు ఎంత మెరిసినా ఆ కొలత చెదరదు. చేతిలోనే కొలబద్ద ఉండగా వేల రూపాయల సాధనం కొనవలసిన పని లేదు.

1990లలో ఫిల్ము చుట్టలు కొన్నవారికి పెట్టెలోపల అచ్చువేసిన చిన్న సూచిక గుర్తుండవచ్చు. 100 ఏఎస్ఏ ఫిల్ముకు, సెకనులో 125వ వంతు వేగంలో, మామూలు ఎండకు ఎఫ్/11 అనీ, మంచుమీద లేదా తెల్లని ఇసుకమీద ఎండకు ఎఫ్/16 అనీ అందులో ఉండేది. చదివినవారు తికమకపడేవారు. మంచులో వెలుగు పెంచాలని ఒకరంటారు, సూచికేమో ఎఫ్/16 అని ఒక మెట్టు తగ్గిస్తున్నది, ఏది నిజం? రెండూ నిజమే. సూచిక తగ్గించేది మామూలు ఎండ లెక్కనుండి ఒక్క మెట్టు మాత్రమే. మంచును చూసి బెదిరిన మీటరు ఎఫ్/22నో, ఎఫ్/32నో చూపుతుంది. ఆ బెదురును సరిచేసి వెనుకకు తేవడమే పెంచడం. అంతదూరం వెళ్ళి దగ్గరి మనిషి ముఖమే ప్రధానం అనుకున్నవారు సూచికను కూడా పక్కనపెట్టి ఎఫ్/11 వద్ద తీయడం మేలు. వెనుక మంచులో కొన్ని గీతలు మాసిపోతాయి. పోనివ్వవచ్చు. కొండ బొమ్మ ఏ అంగడిలోనైనా దొరుకుతుంది.

మనిషిని ఎటు తిప్పి నిలబెట్టాలన్నది తరువాతి మాట. సూర్యునికి ఎదురుగా నిలబెడితే కళ్ళు చికిలించి, కనుబొమల కింద, టోపీ అంచు కింద కారునలుపు నీడలు పడతాయి. సూర్యుడు వీపువైపో పక్కవైపో ఉండేట్టు నిలబెడితే ఎదుట నేలమీది మంచే వెలుగును ముఖంమీదికి తిప్పి పంపుతుంది. పెళ్ళి ఫోటోలు తీసేవారు తెల్లని థర్మోకోల్ అట్టను ఒకరిచేత పట్టించడం అందరూ చూసినదే. మంచుకొండలో ఆ అట్ట కొన్ని మైళ్ళ పొడవున పరచి ఉంటుంది. మనిషి నీడలో ఉన్నప్పుడు పట్టపగలైనా ఫ్లాష్ వెలిగించడం తప్పు కాదు. నాలుగైదు అడుగుల దూరంలో అది ముఖానికి ప్రాణం పోస్తుంది.

మధ్యాహ్నపు మంచు చప్పగా వస్తుంది. గుంట, మిట్ట తెలియదు. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో మాత్రం గాలి గీసిన గీతలు, అడుగుల జాడలు అన్నీ లేచి వస్తాయి. అప్పుడు నీడలు నీలంగా ఉంటాయి. కెమెరా చెడిపోయిందని కొందరు కంగారుపడతారు. ఎండ తగలని చోట మంచుకు నీలాకాశమే దీపం. ఆ నీలాన్ని మంచు ఉన్నదున్నట్టు చూపుతుంది. చాకలి నీలిమందు పెట్టిన పంచె నీడలో ఎలా కనిపిస్తుందో తెలిసినవారికి ఇది వింత కాదు. ఆకాశపు నీలాన్ని గాఢం చేసే పోలరైజింగ్ అద్దాన్ని అంత ఎత్తున పూర్తిగా తిప్పితే ఆకాశం నల్లబడి పటం కృతకంగా తయారవుతుంది. సగం తిప్పితే చాలు.

కెమెరాకన్నా ముందు కాపాడుకోవలసినవి కళ్ళు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగినకొద్దీ అతినీలలోహిత కిరణాల తాకిడి సుమారు 10 శాతం హెచ్చుతుందనీ, కొత్త మంచు ఆ కిరణాలలో 80 శాతం దాకా తిప్పికొట్టగలదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే పైనుండి ఒకమారు, కిందినుండి మరొకమారు. ఫోటో బాగా చూడాలని నల్ల కళ్ళద్దాలు తీసివేసి గంటల తరబడి తిరిగినవారికి ఆ పూట ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీరు, వెలుగును చూడలేకపోవడం. దీనినే మంచు గుడ్డితనం అంటారు. సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది కాని, పరాయి ఊరిలో, కొండదారిలో ఆ రెండు రోజులు నరకం. అతినీలలోహిత కిరణాలను ఆపే మంచి కళ్ళద్దాలు, పక్కలు మూసి ఉండేవి, కెమెరా కొనకముందే కొనాలి. ఒక కన్నుమూసి ఫైండరులో చూసేటప్పుడు సూర్యుని తిన్నగా చూడరాదని వేరే చెప్పనక్కరలేదు.

చలిలో బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి. అదనపు బ్యాటరీని లోపలి చొక్కా జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచుకోవాలి. చలికి ఆగిపోయిన ఫోను వెచ్చబడగానే మళ్ళీ లేవడం చాలామందికి అనుభవమే. 1953 మే 29న ఎవరెస్టు శిఖరంమీద టెన్సింగ్ ఫోటో తీసిన ఎడ్మండ్ హిల్లరీ తన కెమెరాను దారి పొడవునా చొక్కాలోపలే దాచి తీసుకువెళ్ళాడు. ఆ శిఖరంమీద టెన్సింగ్ ఫోటో ఉన్నది. హిల్లరీ ఫోటో లేదు. యాత్రలలో ఫోటో తీసే తండ్రుల గతి కూడా ఎక్కువగా ఇదే.

బయటి చలినుండి గదిలోకి రాగానే కెమెరాను సంచిలోనుండి తీయకూడదు. చల్లని నీళ్ళు పోసిన చెంబుకు చెమట పట్టినట్టు కటకానికి, లోపలి భాగాలకు తేమ పడుతుంది. బయటనే ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి తెచ్చి, గది వెచ్చదనానికి అలవాటు పడేదాకా అలాగే ఉంచాలి. ఇంకొక జాగ్రత్త ఫోటో బాగా రావాలని వెనుకకు అడుగులు వేయకపోవడం. వెనుక ఏమున్నదో మంచు చెప్పదు. ఆలయాల విషయంలో స్థలనియమం పాటించాలి. కేదారనాథ ఆలయం లోపల ఫోటోలు, వీడియోలు తీయడాన్ని 2023 జూలైలో ఆలయ కమిటీ నిషేధించింది. గర్భాలయంలోని వెలుగు మనసులో నిలుపుకోవలసినదే.

మంచు ఎరుగని తెలుగు నేలనుండి మంచుకొండల చివరిదాకా వెళ్ళినవారు లేకపోలేదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజులలో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాలలోనే ప్రాణం విడిచాడు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. శిఖరంమీది ఫోటోలలో ప్రాణవాయువు ముసుగు, పెద్ద కళ్ళద్దాలు, బొంతవంటి దుస్తులు ఉంటాయి. మనిషిని పోల్చుకోవడం కష్టం. అయినా ప్రపంచానికి అదే సాక్ష్యం. ఆ సాక్ష్యంతో ఆటలాడినవారూ ఉన్నారు. 2016లో మన దేశానికి చెందిన ఒక జంట మరొక ఆరోహకుని శిఖర చిత్రాలను మార్చి, తామే ఎక్కినట్టు చూపారు. దుస్తులు, బూట్లు ఒక ఫోటోలో ఒక విధంగా, మరొక ఫోటోలో మరొక విధంగా ఉండడం తోటివారి కంటపడింది. నేపాల్ ప్రభుత్వం విచారించి వారి యోగ్యతా పత్రాలను రద్దుచేసి, పదేళ్ళపాటు ఆ దేశపు పర్వతాలెక్కకుండా నిషేధించింది. వెలుగును సవరించడం వేరు, జరగనిదాన్ని చేర్చడం వేరు. మంచును తెల్లగా, ముఖాన్ని ముఖంగా తేవడానికి చేసే సవరణ చూసిన కన్నుకు దగ్గరగా వెళ్ళడమే.

పూర్ణ, ఆనంద్ తమ సాధనను మంచులో మొదలుపెట్టలేదు. మొదట భువనగిరి రాతికొండ, తరువాత డార్జిలింగు. ఫోటోలు తీసేవారికి కూడా ఆ క్రమమే మంచిది. మంచులోకి వెళ్ళి నేర్చుకుంటామంటే అక్కడ చలి, ఆయాసం, వాహనం కదులుతున్నదనే తొందర. నేర్చుకోవలసినది ఇక్కడే, ఈ ఎండలోనే.

ఏప్రిల్ మాసంలో మధ్యాహ్నంవేళ మిద్దెమీద తెల్లపంచె పరచి వడియాలు పెట్టని ఇల్లు ఈ ప్రాంతంలో లేదు. ఆ పంచె ఇంట్లోని హిమాలయం. పక్కన అవ్వను కూర్చోబెట్టి, పంచె ఎక్కువ భాగం కనబడేట్టు నాలుగు ఫోటోలు తీయాలి: మీటరు చెప్పినట్టు ఒకటి, ఒక స్టాపు పెంచి ఒకటి, రెండు పెంచి ఒకటి, అరచేతితో కొలిచి ఒకటి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పుస్తకం చెప్పలేనిది తెలుస్తుంది. మొదటిదానిలో పంచె మాసినట్టు ఉంటుంది. అవ్వ ముక్కుపుడక తప్ప ఏమీ కనబడదు. మూడవ, నాలుగవ పటాలలో వడియం వడియానికీ మధ్య నీడ తెలుస్తూనే అవ్వ నుదుటి ముడతలూ లెక్కపెట్టవచ్చు. సంక్రాంతి ముగ్గు, సున్నం కొట్టిన గుడి ప్రాకారం, అమావాస్యనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి మెట్లమీద తెల్లబట్టలు కట్టినవారి గుంపు, ఇవన్నీ సాధనకు పనికివచ్చే స్థలాలే. తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఉదయం ఏడింటికి, పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి ఒకే మెట్టునుండి ఒకే గోపురాన్ని తీసినవారికి ఏటవాలు ఎండ విలువ ఎవరూ బోధించనక్కరలేదు. పై తరగతుల పిల్లలకు సామాన్యశాస్త్రంలో కాంతి పరావర్తనం పాఠం చెప్పే రోజున ఈ పని ఒక పూట చేయిస్తే, పరీక్ష తరువాత కూడా ఆ పాఠం గుర్తుంటుంది.

ఇంతవరకు చెప్పినది ఇక తీయబోయే ఫోటోల సంగతి. ఇదివరకే తీసి, నల్లబడి, బీరువాలో ఉన్నవాటి మాటేమిటి? అక్కడ కూడా కొంత ఆశ ఉన్నది. ఫిల్ము రోజులలో అన్యాయం రెండుమార్లు జరిగేది. కెమెరా మీటరు ఒకమారు, పట్టణంలోని ప్రింటింగ్ యంత్రం మరొకమారు. ఆ యంత్రం కూడా పటాన్నంతటినీ సగటు చేసి, తెల్లని మంచును బూడిదకు దించేది. కాబట్టి ప్రింటులో లేని ముఖం నెగటివ్‌లో ఉండవచ్చు. పాత కవర్లలో, ప్రింట్ల వెనుక, చిన్న ముక్కలుగా కత్తిరించిన ఆ నెగటివ్‌లను చాలా ఇళ్ళలో పనికిరానివని పారవేశారు. పారవేయనివారు వాటిని వెతికి తీసి, అంచులు పట్టుకొని, ట్యూబ్‌లైటుకు ఎదురుగా చూడాలి. నెగటివ్‌లో మంచు నల్లగా, ముఖం తేటగా ఉంటుంది. ఆ తేటలో కళ్ళ గీతలో, బొట్టో, మీసమో సన్నగానైనా కనబడితే, స్టూడియోలో స్కాన్ చేయించి, మంచును పట్టించుకోకుండా ముఖానికి సరిపడా ప్రింటు వేయమని అడగవచ్చు. ఏమీ లేని గాజువలె ఉంటే మాత్రం రాదు.

ప్రింట్ల వెనుక వ్రాతలను కూడా అప్పుడే చూడాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి అప్పటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అంతకు ముందూ ఆ తరువాతా చాలాకాలం ఈ ఇళ్ళలోని పెద్దలు ఫోటోల వెనుక తెలుగులో, సిరాతో, పేరు, ఊరు, తిథి వ్రాసేవారు. మనుమలలో చాలామందికి ఆ లిపి రాదు. చదవగలిగినవారు ఇంట్లో ఉండగానే ఆ వ్రాతను చదివించి, కొత్త ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతో తెలుగులోను, పిల్లలకు వచ్చిన లిపిలోను ఎక్కించాలి: ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఫోటో తీసినవారెవరు. నెగటివ్‌లను ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే చెమ్మకు బూజు పడుతుంది. ఒక్కొక్క ముక్కను వేరువేరుగా కాగితపు కవరులో వేసి, తేమ లేని చోట, గోడకు ఆనని అలమరలో ఉంచాలి.